సవరణ: ద్రాక్ష జన్యువుల లెక్కలో నా తప్పు

ద్రాక్ష జీనోమ్‌లో (మొత్తం జన్యు సమాచారంలో) మొక్కల పెరుగుదలను నడిపే ఆక్సిన్ హార్మోన్‌కు సంబంధించిన జన్యువులను ఎలా వెతకాలో మొన్న రాశాను. అందులో, ఆక్స్/ఐఏఏ డొమైన్‌తో (డొమైన్ అంటే ప్రొటీన్‌లో ఒక ప్రత్యేక భాగం) వెతికితే దొరికినవన్నీ ఆక్స్/ఐఏఏ అనే ప్రొటీన్ల కుటుంబమే అన్నాను. అది తప్పు.

ఆ డొమైన్, ఆక్సిన్‌కు స్పందించే జన్యువుల పనిని నియంత్రించే ఏఆర్ఎఫ్ ప్రొటీన్లలో చాలావాటి చివర కూడా ఉంటుంది. ఈ రెండు కుటుంబాలూ ఒకదాన్నొకటి పట్టుకునేది ఆ భాగంతోనే. ఆక్సిన్ లేనప్పుడు ఆక్స్/ఐఏఏ వచ్చి ఏఆర్ఎఫ్‌ను ఆపేస్తుంది. ఆక్సిన్ రాగానే అది విరిగిపోయి ఏఆర్ఎఫ్‌కు దారి ఇస్తుంది. అంటే నా పద్ధతిలో తాళాన్నీ తలుపునీ ఒకే ఖాతాలో రాసుకున్నట్టు! పరిశోధనల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 29 ఆక్స్/ఐఏఏ, 23 ఏఆర్ఎఫ్ జన్యువులు ఉన్నాయి. వాటిని కలిపేస్తే లెక్క ఎంత పెరుగుతుందో చూడండి.

సరైన దారి: దొరికిన ప్రతి ప్రొటీన్‌లో ముందువైపు బి3 డొమైన్, మధ్యలో ఆక్సిన్ రెస్పాన్స్ డొమైన్ ఉన్నాయేమో చూడాలి. ఉంటే అది ఏఆర్ఎఫ్. బి3 ఒక్కటే చాలదు, ఇతర కుటుంబాల్లోనూ అది కనిపిస్తుంది. ఇంకో చిక్కు, కొన్ని ఏఆర్ఎఫ్‌లకు ఆ చివరి భాగమే ఉండదు (అరబిడాప్సిస్‌లో ఏఆర్ఎఫ్3 అలాంటిదే). అవి నా వెతుకులాటలో అసలు దొరకవు.

ఇంకో సవరణ: నేను చెప్పిన, 2007లో వచ్చిన ద్రాక్ష జీనోమ్ పీఎన్40024 అనే రకానిది. అది పినో న్వార్ అనే వైన్ ద్రాక్షను స్కియావా గ్రోస్సాతో సంకరం చేయగా వచ్చిన హెల్ఫెన్‌స్టైనర్ నుంచి తీసినది. దాన్ని మామూలు పినో న్వార్ అని రాశాను, అదీ దిద్దుకుంటున్నాను.