సవరణ: హెచ్-ఇండెక్స్ ఒకటే, సంఖ్యలు రెండు

హనుమకొండలో పురుగుమందుల విషప్రభావంపై పనిచేసే ఒక టాక్సికాలజీ మేడమ్ గురించి రాసిన పోస్టులో ఆమె హెచ్-ఇండెక్స్ (పేపర్లెన్ని, వాటిని ఇతరులు ఎంతగా ప్రస్తావించారు అన్నది కలిపి చూపే సంఖ్య) ఇచ్చాను. పరిశోధన పేపర్ల డేటాబేస్ అయిన స్కోపస్‌లో అంత లేదు, పెంచి రాశారని కొందరన్నారు. పెంచలేదు. అది గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సేవ) ఇచ్చే సంఖ్య. ఇప్పుడు రెండూ పెట్టాను.

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత ఇది. 12 అంటే, కనీసం 12 సైటేషన్ల (ఇతర పేపర్లలో ప్రస్తావనల) చొప్పున వచ్చిన పేపర్లు 12 ఉన్నాయని. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్లు) కూడా లెక్కలోకి తీసుకుంటుంది. స్కోపస్ తాను ఎంచుకున్న జర్నల్స్, పుస్తకాలు, సదస్సుల పేపర్లకే పరిమితం. అందుకే అక్కడ సాధారణంగా తక్కువ కనిపిస్తుంది. సొంత సైటేషన్లు, అంటే తన పేపర్లను తానే ప్రస్తావించుకున్నవి, తీసేసి చూసే వీలూ అందులో ఉంది, అనుమానం ఉన్నవాళ్లు చూసుకోవచ్చు.

ఇంకొకటి. 'ఎక్కువ సైటేషన్లు వచ్చిందే ఆమె గొప్ప పేపర్' అన్న వాక్యం తీసేశాను. అది రివ్యూ పేపర్, అంటే అప్పటికే వచ్చిన పరిశోధనలను సమీక్షించేది. రివ్యూలకు, పద్ధతులు చెప్పే పేపర్లకు సైటేషన్లు మామూలుగానే ఎక్కువ. ఉదాహరణకు, మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు ఒంట్లో అడ్డుకునే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను రంగుతో కొలిచే ఎల్మన్ పద్ధతి 1961 నాటిది. ఆ పరీక్ష చేసే ల్యాబులు ఇప్పటికీ ఆ పేపర్‌నే ప్రస్తావిస్తాయి. పత్తికి మందు కొట్టే కూలీల రక్తపరీక్షల మీద రాసిన పేపర్‌కు అన్ని రావు. నాకైతే అలాంటి పేపరే ముఖ్యం.

క్యాన్సర్ పరిశోధకులతో పోల్చిన పేరా కూడా తొలగించాను. రంగాలు వేరైతే ఈ సంఖ్యల పోలిక కుదరదు.