రూల్ తప్పదు, పోయింది ఓటే

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చి మంచి పని చేసింది, ఎవరి రూల్స్ వాళ్లే రాసుకోవాలి అని ఆర్టికల్‌లో రాశారు కదండీ, ఆ మాట నేను ఒప్పుకోను. మాది భీమవరం పక్క ఊరు, రొయ్యల చెరువులే మా బతుకు. మన రొయ్య యూరప్ వెళ్లాలంటే యాంటీబయాటిక్ టెస్టులో నెగ్గాలి, 2016లో వాళ్లు శాంపిల్ చెకింగ్ 10 శాతం నుంచి 50 శాతానికి పెంచేశారు, మమ్మల్ని ఎవరన్నా అడిగారా? చెరువులో రొయ్యలు పట్టే ముందు విసురు వల వేసి నాలుగు రొయ్యలు తీసి ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి పంపుతాం, రిపోర్టు వచ్చేదాకా రాత్రంతా గట్టు మీదే, కరెంటు పోతే జనరేటర్, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగకూడదు. పోయినసారి రిపోర్టు లేటైందని కొనేవాడు రేటు కోసేశాడండి.

సరుకు అమ్ముకునేవాడికి రూల్ ఎలాగూ తప్పదు, అది రాసేటప్పుడు మనకి ఓటు ఉందా లేదా అన్నదే తేడా. బ్రిటన్‌కి ఉండేది, వదిలేసుకుంది. 2021 జనవరిలో బ్రిటన్‌లో భాగమైన స్కాట్లాండ్ నుంచి యూరప్ వెళ్లే చేపల సరుకు హెల్త్ సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయింది, 62 శాతం మంది యూనియన్‌లోనే ఉండిపోదాం అని ఓటేసిన చోటండి అది, చాలా బాధేసింది నాకు.

బయటికెళ్లడమే తప్పని అనట్లేదు. గ్రీన్‌లాండ్ 1985లో చేపల హక్కుల కోసమే వచ్చేసింది, కానీ సుంకం లేకుండా అమ్ముకునే ఒప్పందం చేతిలో పెట్టుకుని మరీ వచ్చింది. బ్రిటన్‌కి వ్యాపార ఒప్పందం 2020 డిసెంబర్ 24న తేలింది, జనవరి 1 నుంచి అమలు. వారం రోజుల్లో చేపలోళ్లు ఏం సర్దుకుంటారండీ?