రాయి తేవాలా, రోవర్ పంపాలా?

(చంద్రుడి మీది మట్టినీ రాళ్లనూ తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్రం 2,104 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దాని మీద జియాలజీ మాస్టారికీ, ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయికీ మధ్య వాదన.)

శిష్యురాలు: గుప్పెడు మట్టి కోసం అంత ఖర్చా మాస్టారూ? చంద్రయాన్-3కి అయింది సుమారు 615 కోట్లే. ఈ డబ్బుతో, అందులో వెళ్లిన ప్రజ్ఞాన్ లాంటి రోవర్లను మూడు చోట్లకు పంపొచ్చు.

మాస్టారు: పంపి? ప్రజ్ఞాన్ 23 చోట్ల మట్టిని ఎక్స్‌రేలతో కొలిచింది. అల్యూమినియం ఇంత, ఇనుము ఇంత అంది. వయసు చెప్పిందా?

శిష్యురాలు: వయసు చెప్పకపోతేనేం? దక్షిణ ధ్రువం వైపు కూడా ఫెర్రోవన్ అనార్థోసైట్ అనే తెల్లటి రాతిరకమే ఉందని తేల్చింది. ఒకప్పుడు చంద్రుడంతా శిలాద్రవ (కరిగిన రాతి) సముద్రమన్న సిద్ధాంతానికి అది గట్టి సాక్ష్యం.

మాస్టారు: ఆ సిద్ధాంతం ఎక్కడ పుట్టిందనుకున్నావ్? 1969లో అపోలో 11 తెచ్చిన మట్టిలో కాసిని తెల్ల రేణువులు కనపడ్డాయి. అవి దూరంగా ఉన్న ఎత్తు ప్రాంతాల నుంచి ఎగిరి పడ్డాయనీ, తేలికైన ఆ ఖనిజం శిలాద్రవం మీద తేలి పైపొరగా గట్టిపడిందనీ ఊహించారు. ఆ రేణువులే లేకపోతే ఏం వెతకాలో మీ రోవర్‌కు ఎవరు చెబుతారు? అపోలో 16 సంగతి కూడా చూడు. 1972లో దెకార్త్ కొండల దగ్గర దింపారు. ఫొటోలు చూసి అది అగ్నిపర్వతాల నేల అనుకున్నారు. తీరా జాన్ యంగ్, చార్లీ డ్యూక్ వెళ్లి చూస్తే ఎటు చూసినా ఉల్కల దెబ్బకు నలిగి అతుక్కుపోయిన బ్రెక్షియాలే!

శిష్యురాలు: ఫొటోలు వేరు, ఎక్స్‌రే కొలతలు వేరు. అసలు రాళ్లు మాత్రం మోసం చెయ్యలేదా? అపోలో రాళ్లలో చాలావాటికి 390 కోట్ల ఏళ్ల వయసు వచ్చేసరికి, అప్పుడు చంద్రుడంతటా ఉల్కల వాన కురిసిందన్నారు. కానీ అపోలో దిగిన ఆరు చోట్లూ మనకు కనపడే వైపే. ఇంబ్రియం బేసిన్ అనే పెద్ద ఉల్కాపాతపు గుంట నుంచి ఎగిరిన ముక్కలు అన్నిటిలో కలిసి ఉంటాయని ఇప్పుడు అనుమానం. 382 కిలోలు తెచ్చినా, ఒకే వీధిలో ఓట్లు అడిగి రాష్ట్రం ఫలితం చెప్పినట్టయింది.

మాస్టారు: (నవ్వి) అది ఒప్పుకుంటా. అయితే దానికి మందు రాళ్లు మానెయ్యడం కాదు, వేరే చోటి రాళ్లు తేవడం. 2020లో చైనా వాళ్ల చాంగే-5 తెచ్చిన బసాల్టు (గట్టిపడిన లావా రాయి) వయసు 200 కోట్ల ఏళ్లు! అంత ఆలస్యంగా లావా పారిందని అపోలో రాళ్లలో లేదు. క్రేటర్లు, అంటే ఉల్కలు చేసిన గుంటలు, లెక్కపెట్టి నేల వయసు కట్టేవాళ్లకు సరిచూసుకోవడానికి 300 కోట్లకూ 100 కోట్లకూ మధ్య వయసు తెలిసిన రాయి ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు దొరికింది. 2024లో చాంగే-6 ఏకంగా అవతలి వైపు నుంచే తెచ్చింది.

శిష్యురాలు: చోటే ముఖ్యమని మీరే అంటున్నారుగా! చంద్రయాన్-3 దిగిన శివశక్తి దగ్గర మట్టిలో మెగ్నీషియం ఎక్కువ. సుమారు 350 కిలోమీటర్ల దూరంలోని సౌత్ పోల్-ఐట్కెన్ బేసిన్ అనే మహా గుంట నుంచి వచ్చి పడిందేమోనని లెక్కలు చెబుతున్నాయి. అది పట్టింది రోవరే.

మాస్టారు: ఏ రేణువులో ఉందో చెప్పిందా? అన్నీ కలిపి సగటు చెప్పింది. ఆ ఒక్క రేణువును ల్యాబ్‌లో ఏరి వయసు కడితే ఆ బేసిన్ ఎప్పుడు పుట్టిందో మాట్లాడుకోవచ్చు.

శిష్యురాలు: అందుకే ముందు రోవర్, ఆ తర్వాతే రాళ్లు అంటున్నా.

మాస్టారు: రోవర్ వెళ్లింది, చూసింది కదమ్మా! ఇంకా ఎన్నాళ్లు చూస్తారు?

శిష్యురాలు: ప్రజ్ఞాన్ నడిచింది వంద మీటర్ల చిల్లర, మాస్టారూ.