మొదటి ఏడాది చదువు మూడో ఏడాదికి పాతబడదు

“కాలంతో మారకపోతే కనుమరుగే” అన్న శీర్షికతో ఎనిమిది అంశాల సందేశం ఒకటి కొన్ని వారాలుగా వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నది. చదువుకున్న మిత్రులు పంపారు, తోటి అధ్యాపకులు పంపారు, చివరికి బంధువుల పెళ్లి పనుల కోసం పెట్టుకున్న గ్రూపులోకి కూడా వచ్చింది. చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్లు పైన గుర్తు కనబడుతూనే ఉన్నా, ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడిగినవారు ఒక్కరూ లేరు. సాంకేతికత, మీడియా, పరిశోధన, నాయకత్వ రంగాల్లో వస్తున్న మార్పులను గమనిస్తూ ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఆ మాటను అడ్డం పెట్టుకొని చెబుతున్నవాటితోనే పేచీ.

మొదటి అంశం ప్రకారం, డిజిటల్ కెమెరా వస్తున్నదని తెలుసుకోలేక ఫోటో ఫిల్ముల కంపెనీ కొడాక్ మునిగిపోయిందట. ఆ కెమెరాను తయారు చేసిందే కొడాక్. 1975లో ఆ కంపెనీ ఇంజినీరు స్టీవ్ సాసన్ సుమారు మూడున్నర కిలోల బరువున్న తొలి డిజిటల్ కెమెరాను తన ల్యాబ్‌లో తయారు చేశాడు. ఒక్క ఫోటో క్యాసెట్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో మొదటి స్థానం కూడా కొడాక్‌దే. అయినా 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. లాభమంతా ఫిల్ములో ఉన్నది, కెమెరాల్లో అంత మిగలలేదు, ఆ కెమెరాల మార్కెట్‌ను కూడా తరువాత ఫోన్లు మింగేశాయి. తెలియకపోవడం వేరు, తెలిసి కూడా దారి మార్చుకోలేకపోవడం వేరు.

నోకియా అధిపతి “మేము ఏ తప్పూ చేయలేదు, అయినా ఓడిపోయాం” అని కంటతడి పెట్టాడన్నది రెండవ అంశం. ఆయన ఆ మాట అన్నట్లు నమ్మదగిన ఆధారం ఎక్కడా లేదు సరికదా, అప్పటి అధిపతి స్టీఫెన్ ఎలాప్ 2011 ఫిబ్రవరిలోనే ఉద్యోగులకు రాసిన లేఖలో కంపెనీ మంటల మధ్య నిలబడి ఉన్నదని, ఆ మంటకు ఆజ్యం పోసుకున్నది తామేనని ఒప్పుకున్నాడు. పైగా నోకియా కనుమరుగు కాలేదు. ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మివేసి, మొబైల్ నెట్‌వర్క్ పరికరాల కంపెనీగా నిలబడింది. మన దేశంలో జియో, ఎయిర్‌టెల్ రెండూ దాని పరికరాలు కొంటున్నాయి. ఈ సందేశాన్ని మన ఫోన్లకు మోసుకొచ్చిన టవర్ల మీద కూడా నోకియా పరికరాలు ఉండి ఉండవచ్చు.

మానవ జ్ఞానం ప్రతి పన్నెండు గంటలకు రెట్టింపు అవుతున్నదన్న మూడవ అంశం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. హనుమకొండ చౌరస్తాలోని సీసీ కెమెరా రాత్రంతా రికార్డు చేసేది కూడా సమాచారమే; తెల్లవారేసరికి దానివల్ల ఎవరి జ్ఞానమూ రెట్టింపు కాదు.

నాలుగవది సగం నిజం. 2030 నాటికి 9.2 కోట్ల ఉద్యోగాలు పోతాయని ప్రపంచ ఆర్థిక వేదిక 2025 జనవరి నివేదికలో చెప్పిన మాట వాస్తవమే. అదే నివేదిక 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని కూడా అంచనా వేసింది. సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువగా పెరిగే పనుల్లో వ్యవసాయ పనులు, డెలివరీ డ్రైవర్ల పనులు, భవన నిర్మాణ పనులు ఉన్నాయని చెప్పింది. ఒకే నివేదికలో పోయేవాటిని ఉంచి వచ్చేవాటిని తీసివేసినవారు పొరపాటున అలా చేశారని నేను అనుకోను.

ఎందుకంటే ఆ భయం మీదనే అయిదవ అంశం నిలబడి ఉన్నది. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో నేర్చుకున్నదానిలో సగం మూడవ సంవత్సరానికల్లా పాతబడిపోతుందని హార్వర్డ్ తాజా పరిశోధన తేల్చిందట. కాబట్టి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదువులు దండగట. వెంటనే మానేసి మూడు నెలల ఏఐ కోర్సులో చేరాలట. ఈ మాట హార్వర్డ్‌ది కాదు, తాజాదీ కాదు. 2006లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కార్ల్ ఫిష్ అనే హైస్కూల్ ఉపాధ్యాయుడు తన తోటి ఉపాధ్యాయుల సమావేశం కోసం తయారు చేసిన స్లైడ్లలో ఉన్న వాక్యం ఇది. కొత్త సాంకేతిక సమాచారం రెండేళ్లకు రెట్టింపు అవుతున్నదని, అందువల్ల మొదటి ఏడాది నేర్చుకున్నది మూడో ఏటికి సగం పాతబడుతుందని ఆయన లెక్క. ఆ లెక్కే తప్పు. గ్రంథాలయంలోకి ఇప్పటికే ఉన్నన్ని పుస్తకాలు ఈ ఏడాది కొత్తగా వచ్చి చేరితే, పాత పుస్తకాల్లో ఉన్నది అబద్ధమైపోతుందా?

ఈ రోజు అందరూ చెప్పుకుంటున్న ఏఐ వ్యవస్థల లోపల ఏమున్నదో ఒకసారి చూడండి. వాటికి ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్ అనే సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని గూగుల్ పరిశోధకులు 2017లో ప్రకటించారు. అందులో జరిగే పనిలో అత్యధిక భాగం మాత్రికల, అంటే అంకెల పట్టికల, గుణకారమే. ఆ వ్యవస్థకు శిక్షణ ఇచ్చే బ్యాక్‌ప్రొపగేషన్ (జరిగిన తప్పును వెనక్కి లెక్కగట్టి సరిదిద్దే) పద్ధతిని రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో ప్రాచుర్యంలోకి తెచ్చారు; దాని మూలం కలన గణితంలోని చైన్ రూల్, పదిహేడవ శతాబ్దపు గణితవేత్త లైబ్నిజ్ నాటిది. మాత్రికలు, కలన గణితం రెండూ మన విద్యార్థులు చదివేది మొదటి సంవత్సరం ఎం-1 అనే గణితం పేపరులోనే. ఏ పాఠం మీద ఏఐ నిలబడి ఉన్నదో ఆ పాఠమే పాతబడిపోయిందని చెప్పి ఏఐ కోర్సు అమ్ముతున్నారు.

సివిల్ దండగ అన్న మాటను ఇంకెక్కడైనా చెప్పవచ్చునేమో కానీ ఉత్తర తెలంగాణలో చెప్పడానికి మనసు ఎలా వచ్చింది? 2023 అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తరువాత, జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ బృందం ప్రణాళికలో, డిజైన్‌లో, నాణ్యత నియంత్రణలో, నిర్వహణలో లోపాలున్నాయని తన నివేదికలో రాసింది. ఇసుక నేలలో నీరు ఎలా ఊరుతుందో 1856లో ఫ్రాన్సు ఇంజినీరు డార్సీ సూత్రం చెప్పాడు. అటువంటి నేల మీద ఆనకట్టను ఎలా నిలబెట్టాలో 1930లలో మన ఏ.ఎన్. ఖోస్లా వివరించారు. గోదావరి గర్భంలోని ఇసుక ఆ సూత్రాలను ఏ మూడవ సంవత్సరంలోనూ మరిచిపోదు. ఈ పాఠాలను నిజంగా ఒంటబట్టించుకున్నవారు మనకు ఎంతమంది ఉన్నా తక్కువే.

గత నెల పరకాల వైపు నుంచి ఒక పత్తి రైతు, రెండవ సంవత్సరం సివిల్ చదువుతున్న కొడుకును వెంటబెట్టుకొని టీసీ కోసం మా విభాగానికి వచ్చాడు. పగిలిన అద్దమున్న ఫోన్‌లో ఈ అయిదవ అంశాన్ని వేళ్లతో పెద్దది చేసి నా ముందు పెట్టి, “ఇగ సివిల్ల ఏమున్నది సారూ, పెద్ద యూనివర్సిటోల్లే చెప్పిండ్రు గద” అన్నాడు. కొడుకు తల ఎత్తలేదు. సందేశం చివరన ఉన్న ఏఐ కోర్సువాళ్ల నంబరుకు అప్పటికే ఫోన్ చేశారట. పత్తి అమ్మిన డబ్బులో నుంచి ఫీజు కట్టడానికి సిద్ధమయ్యారు. అబ్బాయి చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తున్నది, మానేస్తే అది ఆగిపోతుందన్న సంగతి ఆ నంబరువాళ్లు వాళ్లకు చెప్పలేదు. అయ్యా, ఈ సందేశాన్ని “చదవదగ్గ మంచి విషయం” అని రాసి పంపిన నా మిత్రులారా, మీ పిల్లల్లో ఎవరినైనా దీన్ని చూసి చదువు మాన్పించారా? మాన్పించరు. మరి మీరు పంపినది ఎవరి ఇంటికి చేరుతున్నదో ఆలోచించారా?

పత్రికలు, పుస్తకాలు, పరిశోధన పత్రాలు చదవనక్కరలేదు, ఏఐని సారాంశం అడిగితే చాలునన్నది ఆరవ అంశం. అలాగే నమ్మి చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టులో ఉటంకించినందుకు 2023లో న్యూయార్క్ న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. సాధారణ ఉష్ణోగ్రత వద్దే విద్యుత్తు నిరోధం లేకుండా ప్రవహించే పదార్థం దొరికిందని అదే ఏడాది జూలైలో కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 గురించి ప్రకటించగానే ప్రపంచమంతా ఊగిపోయింది. ఆగస్టులోనే ఇతర ల్యాబ్‌లు పరీక్షించి కాదని తేల్చాయి. పరిశోధనలో కొత్త సంగతులు తెలుసుకోవడమంటే ఆ రెండవ వార్త కోసం కూడా ఆగడం.

నలభై అయిదేళ్లు దాటినవారు కొత్తవి నేర్చుకోలేరు, నాయకత్వం వదిలేయాలి అని ఏడవ అంశం. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు అరవై దాటిన తరువాత కంప్యూటర్ ముందు కూర్చొని కోబాల్, బేసిక్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకున్నారు. ప్రధానమంత్రి అయ్యింది ఆ తరువాతే, 1991లో. ఓరుగల్లు గడ్డ మీద ఈ అంశానికి ఇంతకుమించిన జవాబు అక్కరలేదు.

ఎనిమిదవ అంశం మాత్రం నిజం, దాన్ని నేను గట్టిగా సమర్థిస్తున్నాను. సిలబస్ వెనుకబడి ఉన్నది, ఈ ఏడాది మీ రంగంలో ఏమి మారిందో మీ లెక్చరర్‌ను అడగండి అని అందులో ఉన్నది. సివిల్ విద్యార్థికి డ్రోన్ సర్వే, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ ఈపాటికి తరగతిలో అంది ఉండవలసింది. చాలా కాలేజీల్లో అందడం లేదు. అంతేకాదు, మారుతున్న లోకం గురించి ఒక రైతుకు అర్థమయ్యే తెలుగులో ఎనిమిది వాక్యాలు రాసినది ఈ సందేశమే తప్ప మా అధ్యాపకుల్లో ఎవరమూ కాదు. అది అంత దూరం పాకడానికి ఇదీ ఒక కారణం.

ఇకముందు దీనిని పంపదలచుకున్నవారు ఎనిమిదవ అంశం ఒక్కటే ఉంచి, మిగిలిన ఏడింటినీ, కింద ఉన్న ఫోన్ నంబరునూ తీసివేసి పంపవలసిందిగా కోరుతున్నాను.