సీసాలో చెరువు పట్టదు

ఎండలు ముదిరితే చాలు, సీమలో ఏదో ఒక చెరువులో చేపలు తెల్లగా తేలుతాయి. జనం ముక్కు మూసుకుని కట్ట మీద నిలబడతారు. అధికారులు జీపులో వస్తారు, సీసాలో నీళ్లు పట్టుకుని పోతారు. కొన్నాళ్లకు ‘అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి’ అని కాగితం వస్తుంది. చచ్చిన చేపలకు చదువు రాదు కాబట్టి అభ్యంతరం చెప్పవు. అనంతపురం, కడప, కర్నూలు పాఠకులకు ఈ తంతు కొత్త కాదు. ఆ కాగితాన్ని చెరువు ఆరోగ్యానికి హామీపత్రంగా చలామణి చేయడమే మాకు మింగుడుపడని సంగతి. ఈరోజు దాన్ని ఒప్పుకుంటే, రేపు మురుగు కాలువను చెరువులోకి మళ్లించే పురపాలక సంఘం అదే చూపిస్తుంది. ఎల్లుండి ముంపు భూమిలో ప్లాట్లు వేసేవాడూ అదే చూపిస్తాడు.

అసలు ఆ సీసా నింపిన వేళ ఏది? నాచు కమ్మిన చెరువులో మధ్యాహ్నం ప్రాణవాయువుకు కరువుండదు, ఎండకు నాచే దాన్ని తయారుచేస్తుంది. పొద్దు గుంకాక అదే నాచు, అడుగున కుళ్లే చెత్త కలిసి దాన్ని తాగేస్తాయి. కోడి కూసే వేళకు చేపలు నోరు పైకి తెరిచి గుటకలు వేస్తుంటాయి. సారు కట్ట మీదికి వచ్చేది పదకొండు గంటలకు! అప్పటికి మీటరు చూపే అంకె బ్రహ్మాండంగా ఉంటుంది.

అడుగు బురదలోని పురుగుల దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడకవు. తూనీగ పిల్లలు రెక్కలు రాకముందు వారాలు, నెలలు నీటిలోనే గడుపుతాయి. మేఫ్లై అనే పూట బతుకు ఈగ పిల్లల్లో చాలా రకాలు మురికిని ఓర్చుకోలేవు, నీళ్లు చెడితే ముందు మాయమయ్యేది అవే. ఆల్చిప్పలు ఏళ్ల తరబడి ఉన్నచోటే పడి ఉంటాయి. అవి కనబడకుండా పోయి రక్తం రంగు సన్నటి పురుగులు ముద్దలు ముద్దలుగా పెరిగాయంటే అనుమానపడాల్సిందే. అవి దోమలా కనిపించినా కుట్టని ఒక ఈగ పిల్లలు. మన నెత్తుటిలో ఉన్న హీమోగ్లోబిన్ వాటి ఒంట్లోనూ ఉంటుంది కనుక, ప్రాణవాయువు అడుగంటిన బురదలోనూ నెట్టుకొస్తాయి. అక్వేరియం చేపలకు మేతగా అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు తల బురదలో దూర్చి తోక ఊపుతూ గుంపులుగా కనబడితే సంగతి ఇంకా ముదిరినట్టు. సీసా చెప్పేది ఆ పూట ముచ్చట, ఇవి చెప్పేది కొన్ని నెలల చరిత్ర.

ఇదేమీ మేము కనిపెట్టిన శాస్త్రం కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డచ్చి నిపుణుల సాయంతో యమునలో పరిశీలనలు జరిపి, ఇలాంటి జీవులతోనే నీటి నాణ్యతను తేల్చే పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. ఏ కుటుంబానికి చెందిన పురుగు ఎంత మురికిని తట్టుకుంటుందో చూసి 10 దాకా మార్కులు, ఎన్ని రకాలున్నాయో చూసి ఇంకో లెక్క, రెండూ కలిపి ఐదు తరగతులు. కావాల్సింది ఒక చేతివల, జల్లెడ, తెల్లటి పళ్లెం, భూతద్దం, పురుగులను గుర్తుపట్టే మనిషి. పద్ధతి ఢిల్లీ బీరువాలో ఉంది. సీమ చెరువు గట్టున సీసా ఉంది.

సిబ్బంది లేరని, పురుగులను గుర్తించే నైపుణ్యం తమకు లేదని అధికారులు అంటారు. కొంత నిజమే. కానీ శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో జంతుశాస్త్ర విభాగాలు ఉన్నది దేనికి? అక్కడి పిల్లలను ఏడాదికి రెండుసార్లు చెరువులోకి దింపడానికి కొత్త జీవో కావాలా?

చట్టం సంగతి మరీ విడ్డూరం. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల ప్రకారం తాగునీటి కోసం, సాగునీటి కోసం మనుషులు ప్రత్యేకంగా కట్టుకున్న చెరువులు చిత్తడి నేలల లెక్కలోకే రావు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన కొల్లేరుకు గుర్తింపు ఉంది. ఉండాల్సిందే. 14వ శతాబ్దం నుంచి నీళ్లు నిలుపుతున్న బుక్కరాయసముద్రం చెరువు మాత్రం ఆయకట్టు కోసం కట్టిన పాపానికి ఆ నిర్వచనం అవతల నిలబడాలి. చిలమత్తూరు దగ్గరి వీరాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టే కొంగలకు ఈ నిర్వచనం తెలియదు, చుట్టుపక్కల చెరువుల్లో దిగి పిల్లలకు మేత తెచ్చుకుంటాయి. (వాటిని సైబీరియా పక్షులని రాస్తూ వచ్చిన పత్రికలు లెంపలేసుకోవాలి, అవి ఈ దేశపు కొంగలే.)

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని లెక్కగట్టి మరీ చెక్కించారు. ఆ అంగాల్లో నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఒకటి. చవుడు నేల దోషాల్లో ఒకటి. ఆ శాసనం వేయించిన విజయనగర రాజకుమారుడికి తట్టిన సంగతి మన జిల్లా యంత్రాంగాలకు తట్టకపోవడమేమిటి?

ఇంకో ప్రమాదం కూడా ఇక్కడే చెప్పాలి. రేపు ఒత్తిడి పెరిగితే కోస్తా కోసం తయారైన పురుగుల లెక్క ఫారాన్నే తెచ్చి ఇక్కడ నింపేస్తారు. కోరింగ మడ అడవుల ఉప్పు బురదలోని పీతలు, పాలీకీట్ అనే ఉప్పునీటి పురుగులు, నత్తల పట్టికతో శింగనమల చెరువును తూచలేం. యమున పట్టిక కూడా పారే నీళ్లను చూసి రాసిందే. ఏటా దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురంలో చెరువు ఎండిపోవడం రోగం కాదు, దాని స్వభావం. ఎండిన మట్టిలో గుడ్ల రూపంలో ఏళ్ల తరబడి కాచుకుని, మొదటి వానకు గుడ్డు పగిలి బయటికొచ్చే చిన్న రొయ్యల్లాంటి జీవులు ఇలాంటి నేలకు అలవాటుపడ్డవి. నీళ్లు వచ్చిన పదో రోజున రకాలు తక్కువ కనబడితే అది కాలుష్యం కాదు. సీమకు సీమ పట్టికే కావాలి. నిండిన చెరువుకు ఒకటి, ఇంకుతున్న చెరువుకు ఒకటి. లేదంటే సీసా కాగితం పోయి ఫారం కాగితం వస్తుంది, మురుగు కలిపేవాడికి చూపించుకోవడానికి ఇంకొకటి దొరుకుతుంది.

ఈలోపు దోమలను చంపుతామని గంబూసియా చేపలను గుంటల్లో, చెరువుల్లో వదులుతున్నారు. దోమ పిల్లలను తినే తూనీగ పిల్లలు అందులో ఎన్ని ఉన్నాయో ముందు ఒక్కసారైనా వల వేసి చూశారా? ఆ చేప దోమ పిల్లలతో ఆగదు, చేతికందిన పురుగునల్లా మింగుతుంది. లెక్క రాయకుండానే తుడిచేస్తే, తర్వాత అడిగేవాడికి చూపించడానికి మళ్లీ ఆ సీసా కాగితమే మిగులుతుంది.

ఏటా ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవమని కట్ట మీద బ్యానరు కట్టి ఫొటోలు దిగే అయ్యలారా, ఈసారి బూట్లు విప్పండి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మరవ దగ్గర బురదలోకి దిగండి. జల్లెడలో పడ్డవాటికి పేర్లు తెలియకపోతే పక్కనే వల వేసుకునే మనిషిని అడగండి, సగం అతనే చెబుతాడు. అది చేతకాకపోతే కనీసం ఆ సీసా కాగితం మీద సంతకం పెట్టకండి.