లుంగీ అనుభవం

జపాన్‌లోని క్యోటోలో రైలెక్కితే రెండున్నర గంటల్లో కినోసాకి. వేడినీటి ఊటల ఊరు. మధ్యలో చిన్న ఏరు, గట్టున వాలిన విల్లో చెట్లు, ఊళ్ళో ఏడు స్నానశాలలు. బస చేసినచోట యుకాతా అనే నూలు అంగీ, చెక్క చెప్పులు ఇస్తారు. వచ్చినవాళ్ళంతా ఆ వేషంలోనే ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి తిరుగుతుంటారు.

ఎలా కట్టుకోవాలో గదిలో బొమ్మల కాగితం పెట్టారు. చూడలేదు. ఇరవై ఏళ్ళుగా లుంగీ కడుతున్నవాడికి బొమ్మలెందుకు? కుడి అంచుని ఎడమ అంచు మీదికి లాగి, నడికట్టు బిగించి, చెప్పులు మోగించుకుంటూ బయల్దేరాను. ఆ చప్పుడుని వాళ్ళు 'కరాన్ కొరోన్' అంటారు. వంతెన మీద మా ఆవిడ నలభై ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది.

ఎదురుగా కూరల సంచితో వస్తున్న బామ్మగారొకావిడ నన్ను చూసి టక్కున ఆగిపోయింది. "అర, అర" అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెచ్చుకుంటోందనుకుని "అరిగాతో" అని వాళ్ళ భాషలో థాంక్స్ చెప్పాను. ఆవిడ సంచి కిందపెట్టి, తిన్నగా వచ్చి నా నడికట్టు ముడి విప్పేసింది. పట్టపగలు, నడివీధిలో! లోపల బనీను, నిక్కరు ఉండబట్టి సరిపోయింది.

నా కంగారు చూసి పక్క కొట్లోంచి తాతగారొకాయన వచ్చాడు. తన చొక్కా కుడి అంచు పైకి లాగి చూపించి, కళ్ళు మూసి, చేతులు రెండూ గుండెల మీద జోడించాడు. ధ్యానం కాబోలని నేనూ కళ్ళు మూసుకున్నాను. కాదు కాదని చెయ్యి ఊపి, ఈసారి తల పక్కకి వాల్చేసి, ఊపిరి బిగబట్టాడు.

"ఏమండీ, అలా శవానికి కడతారట!" అంది మా ఆవిడ.

బతికున్నవాళ్ళకి ఎడమ అంచు పైకి రావాలి. మన మగవాళ్ళ చొక్కా గుండీలూ అలాగే కదా, ఆమాత్రం తట్టలేదు. బామ్మగారు సరిగ్గా చుట్టి, ముడేసి, నా పొట్ట మీద రెండుసార్లు తట్టి, సంచిలోంచి ఓ కమలాపండు తీసి చేతిలో పెట్టింది. నా పునర్జన్మకి ప్రసాదం.

గదికొచ్చి ఫోన్ చూస్తే గ్రూపంతా చప్పట్లే. అన్నిటికన్నా పైన మా అత్తగారి మెసేజ్: "అల్లుడుగారు అచ్చం పెళ్ళికొడుకులా ఉన్నారు. దిష్టి తియ్యవే అమ్మాయ్!"