జూలియన్ లాయిడ్ వెబర్ చెల్లో మీద తగవు, మన బడుల్లో లేని సంగీతం క్లాసు

పద్మారావు నగర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో నెలకోసారి ఏడెనిమిది మందిమి చేరి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటాం. ఒకాయన రామకోటి ప్రభుత్వ సంగీత కళాశాలలో చదువుకుని ఇప్పుడు పిల్లలకు వయొలిన్ చెప్పే మాస్టారు. ఒకాయన రైల్వేలో రిటైరయ్యారు. మిగతావాళ్లలో ఎక్కువ మంది ఐటీ ఉద్యోగులు. పోయిన నెల ఇంగ్లీషు స్వరకర్త ఎల్గర్ రాసిన చెల్లో కాన్సెర్టో పెట్టుకున్నాం. చెల్లో అంటే వయొలిన్ జాతిలోని పెద్ద వాద్యం, కూర్చుని కమానుతో వాయిస్తారు. కాన్సెర్టో అంటే ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి నడిచే కృతి. వాయించింది బ్రిటిష్ చెల్లిస్టు జూలియన్ లాయిడ్ వెబర్, ఆర్కెస్ట్రాను నడిపించింది వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్. అరగంట విన్నాం, రెండు గంటలు వాదించుకున్నాం.

మాస్టారు ముందే తేల్చేశారు. "నాదం శుద్ధంగా ఉంది, శ్రుతి బాగుంది, కానీ ధాటి లేదండీ" అన్నారు. రైల్వే పెద్దాయన ఒప్పుకోలేదు. "ధాటి ఎందుకు? మనిషి కూర్చుని తన బాధ తను చెప్పుకుంటున్నట్టుంది, అది చాలదా?" అన్నారు. ఇంకొకరు మాట మార్చారు: "వాళ్ల అన్నయ్య, సంగీత నాటకాల స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబర్ కాకపోతే ఈయన పేరు మనకు తెలిసేదా? ఇప్పుడేమో పిల్లల సంగీత విద్య అంటూ ప్రభుత్వాలకు చెబుతున్నాడు." అక్కడి నుంచి అసలు గొడవ మొదలైంది. ఆయన వాయిద్యం నచ్చనివాళ్లకు ఆయన ఉద్యమమూ నచ్చలేదు. వాయిద్యం నచ్చినవాళ్లు ఉద్యమాన్ని ప్రశ్నే లేకుండా నెత్తిన పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక కూడా నన్ను వదలని విషయం ఇదే. ఈ రెండిటినీ ఒకే తూకంలో వేయడం తప్పని నా అభిప్రాయం.

ముందు వాయిద్యం సంగతి. ఎల్గర్ ఈ కాన్సెర్టో రాసింది 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, అరవై దాటిన వయసులో. ఆ అక్టోబరులో లండన్‌లో జరిగిన తొలి ప్రదర్శన రిహార్సల్స్ చాలక దెబ్బతింది. చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1965లో చెల్లిస్టు జాక్లిన్ దు ప్రే, ఆర్కెస్ట్రా నడిపిన బార్బిరోల్లి కలిసి రికార్డు చేశాక ప్రపంచమంతా వినడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ల అమ్మాయి గుండె చీల్చుకుని వాయించినట్టుంటుంది ఆ రికార్డు. ఆ తర్వాత ఎవరు వాయించినా ఆమెతో పోల్చడం అలవాటైపోయింది. మనకు ఘంటసాల భగవద్గీత విన్నాక ఇంకెవరు పాడినా చెవి ఒప్పుకోనట్టే.

లాయిడ్ వెబర్ ఆ దారిలో వెళ్లలేదు. ఆయన జెనీవాలో ఫ్రెంచ్ చెల్లిస్టు పియర్ ఫోర్నియే దగ్గర నేర్చుకున్నాడు. ఫోర్నియే బాణీలో కమాను తీగ మీద అరవదు, నిలకడగా నడుస్తుంది. పైగా పక్కన ఉన్నది మెనూహిన్. పదహారేళ్ల వయసులో, 1932లో, ఎల్గర్ స్వయంగా ఆర్కెస్ట్రా నడిపిస్తుండగా ఎల్గర్ వయొలిన్ కాన్సెర్టోను రికార్డు చేసిన మనిషి. ఎల్గర్‌కు ఏం కావాలో ఎదురుగా నిలబడి తెలుసుకున్నవాడు. ఆ ఇద్దరూ కలిసి చేసిన రికార్డుకు 1987లో బ్రిట్ అవార్డు వచ్చింది.

నా చెవికి ఎలా ఉందంటే, మూడో భాగం, ఆ నెమ్మదైన అడాజియో, లాయిడ్ వెబర్ వాయించినంత నిరాడంబరంగా నేను మరొకరి దగ్గర వినలేదు. ఏడవకుండా దుఃఖం చెప్పడం కష్టమైన పని, అది ఆయనకు వచ్చు. రెండో భాగంలో, చివరి భాగంలో మాత్రం మాస్టారి మాటే నిజం. అక్కడ కొంచెం తెగువ కావాలి. ఆయన జాగ్రత్తగా దాటిపోతాడు. చెల్లో మంద్ర స్థాయి ఒక్కసారి గదిని నింపేయాల్సిన చోట ఆయన నాదం లలితంగానే ఉండిపోతుంది. గొప్ప చెల్లిస్టుల్లో మొదటి వరస అని అనను, మంచి చెల్లిస్టు అంటాను. దీని మీద మా మిత్రులు నాతో ఏకీభవించనక్కర్లేదు. రాగం మీద, నాదం మీద తగవులు తీరవు, తీరాల్సిన అవసరమూ లేదు.

అన్నయ్య పేరు విషయానికి వస్తే, ఆ మాట సగమే నిజం. పగనినీ ఒంటి వయొలిన్‌కు రాసిన 24వ కాప్రిస్ అనే చిన్న కృతి వరసను రకరకాలుగా మారుస్తూ ఆండ్రూ రాసిన వేరియేషన్స్‌ను రాక్ వాద్యాలతో కలిపి జూలియన్ 1978లో రికార్డు చేశాడు. ఫుట్‌బాల్ మ్యాచ్ మీద తమ్ముడితో కాసిన పందెం ఓడిపోయి అన్న రాసిచ్చాడని ఆ ఇంటి కథ. ఆ ఆల్బమ్ బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లింది. శాస్త్రీయం వాళ్లు మొహం చిట్లించారు. కానీ అంతకు ఆరేళ్ల ముందే, 1972లో, బ్రిటిష్ స్వరకర్త ఆర్థర్ బ్లిస్ చెల్లో కాన్సెర్టోను లండన్‌కు మొదటిసారి వినిపిస్తూ ఆయన అరంగేట్రం చేశాడు. స్పెయిన్ స్వరకర్త రోడ్రిగో ఆయన కోసమే ఒక కాన్సెర్టో రాసిచ్చాడు. ఇవేవీ అన్న ఇప్పించినవి కావు. 1998లో దావోస్‌లో జరిగిన ప్రపంచ ఆర్థిక సదస్సు వేదిక మీద, దశాబ్దాలుగా కర్ణకఠోరమైన సంగీతాన్నే నెత్తికెత్తుకుని మాధుర్యం ఉన్న స్వరకర్తలను పక్కన పెట్టారని శాస్త్రీయ సంగీత పెద్దలను నిలదీశాడు. అప్పటి నుంచి ఆయనను ఇష్టపడనివాళ్లు ఇంకా పెరిగారు. ఆ ప్రసంగంలో అతిశయోక్తి ఉందనే నేనూ అనుకుంటాను. అయినా మాట దాచుకోని మనిషని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఉద్యమం. 2003లో ఆయన ఫ్లూటు విద్వాంసుడు జేమ్స్ గాల్వే, తాళవాద్య కళాకారిణి ఎవెలిన్ గ్లెనీ, స్వరకర్త మైకేల్ కేమెన్‌లతో కలిసి బ్రిటన్ బడుల్లో సంగీత విద్య కోసం ఒక బృందంగా ఏర్పడ్డాడు. నాలుగేళ్లు ప్రభుత్వం వెంట పడ్డారు. 2007 నవంబరులో సంగీత విద్యకు 33.2 కోట్ల పౌండ్లు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత వచ్చింది ఇన్ హార్మొనీ, బడి పిల్లలకు ఆర్కెస్ట్రా వాద్యాలు నేర్పే పథకం. మొదట్లో దానికి అధ్యక్షుడిగా ఉన్నది ఆయనే. 2009లో లివర్‌పూల్‌లోని వెస్ట్ ఎవర్టన్, లండన్‌లోని లాంబెత్, నారిచ్‌లలో మొదలుపెట్టారు. వెస్ట్ ఎవర్టన్ కష్టజీవుల పేట. అక్కడి ప్రైమరీ స్కూల్లో ఎంపిక, ప్రతిభ పరీక్ష లాంటివేమీ పెట్టకుండా పిల్లలందరి చేతికీ వాద్యం ఇచ్చారు. నేర్పింది రాయల్ లివర్‌పూల్ ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రా వాళ్లు.

జూలియన్ ఇంట్లో తండ్రి స్వరకర్త, ఆర్గాన్ విద్వాంసుడు. తల్లి జీన్ పియానో టీచర్. పేదింటి నుంచి వచ్చిన జాన్ లిల్ అనే కుర్రాడిని ఆమె ఇంట్లోనే ఉంచుకుంది. ఆ కుర్రాడే 1970లో మాస్కో చైకోవ్‌స్కీ పియానో పోటీలో సంయుక్త విజేత అయ్యాడు. పేదింటి పిల్లవాడికి కాస్త ఆసరా దొరికితే ఏమవుతుందో జూలియన్ సొంత ఇంట్లోనే చూస్తూ పెరిగాడు. సెలబ్రిటీ సరదాకు చేస్తున్నాడన్న మాట నేను ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం. మెడలో డిస్కు జారి, కమాను పట్టే చేతిలో పట్టు తగ్గి, 2014 మే 2న మాల్వర్న్‌లో చివరి కచేరీ చేశాడు. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ కన్సర్వెటాయిర్ అనే సంగీత కళాశాలలో ప్రిన్సిపాల్‌గా చేరి 2020 దాకా పనిచేశాడు. అయితే బడి పిల్లల కోసం ఆయన వాదించడం కచేరీలు ఆగాక మొదలుపెట్టింది కాదు. అప్పటికి పదకొండేళ్లయింది.

విమర్శలు లేవా అంటే ఉన్నాయి, గట్టివే. ఇన్ హార్మొనీకి నమూనా వెనిజువెలాలో 1975లో హోసె అంతోనియో అబ్రేయు మొదలుపెట్టిన ఎల్ సిస్తేమా, పిల్లలను ఆర్కెస్ట్రాల్లో చేర్చి సంగీతం నేర్పే పథకం. దాన్ని దగ్గరగా చూసి పరిశోధించిన బ్రిటిష్ సంగీత పరిశోధకుడు జెఫ్రీ బేకర్ 2014లో కఠినమైన మాటలు రాశాడు. అక్కడ క్రమశిక్షణ పేరుతో పెత్తనం నడుస్తోందని, పిల్లలు చెప్పింది వాయించడమే తప్ప సొంతంగా సృష్టించే చోటు లేదని, పేదరికం నుంచి బయటపడేస్తున్నామన్న ప్రచారానికి తగిన ఆధారాలు లేవని. ఈ మాటలను కొట్టిపారేయకూడదు. వేల మంది పిల్లలు ఒకేసారి కమాను ఎత్తితే చూడముచ్చటగా ఉంటుంది. అందులో ఒక్క పిల్లవాడైనా తన పాట తను కట్టుకోగలుగుతున్నాడా అన్నది వేరే ప్రశ్న.

ఉద్యమకారులతో నాకున్న పేచీ ఇంకొకటి. సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయి, మార్కులు పెరుగుతాయి, అల్లరి తగ్గుతుంది అని చెప్పి డబ్బు అడగడం. మంత్రుల ముందు నిలబడ్డవాళ్లకు ఆ మాటలు పనికొస్తాయని నాకు తెలుసు. కానీ రేపు మార్కులు పెరగలేదని తేలితే సంగీతం క్లాసు తీసేస్తారు కదా. తెలుగు పద్యం చదివితే లెక్కలు వస్తాయా అని ఎవరూ అడగరు. సంగీతాన్నీ అలా అడగకూడదు. మోహన రాగం వినగానే ఇది మోహన అని గుర్తుపట్టే ఆనందం ప్రతి బిడ్డకూ దక్కాలి. అంతకన్నా వేరే కారణం చూపించాలా?

ఇదంతా ఎక్కడో ఇంగ్లండ్ గొడవ అని మా వాళ్లలో ఒకరన్నారు. నాకలా అనిపించదు. ఎల్గర్ కాన్సెర్టో పుట్టిన ఆ 1919లోనే విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. విద్యార్థిగా చేరడానికి వచ్చిన ఇరవై ఆరేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడిని ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు ఘంటసాల అనే కుర్రాడు ఉంగరం అమ్ముకున్న డబ్బుతో అక్కడికి వెళ్లాడు. జోలె కట్టుకుని వీధి వీధి తిరిగి మధూకరం ఎత్తుకుని తింటూ చదివాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ఉచితంగా పాఠం చెప్పారు. ఈ కథను మనం ఘంటసాల పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. నేను దాన్ని కళాశాల కథగా, గురువు కథగా కూడా చదువుతాను. ఆ కళాశాల లేకపోతే, ఆ గురువు లేకపోతే, ఆ గొంతు ఏ ఊళ్లో ఆగిపోయేదో.

హైదరాబాద్‌లో ఇవాళ సంగీతం ఎవరికి అందుతోంది? ఫీజు కట్టగలిగితే జూబ్లీహిల్స్ నుంచి కొంపల్లి దాకా కీబోర్డు, గిటార్ క్లాసులు దొరుకుతాయి. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీత గ్రేడ్ పరీక్షలూ రాయొచ్చు. చెల్లో నేర్పేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. డబ్బు తక్కువున్నవాళ్లకు రామకోటి త్యాగరాజ సంగీత కళాశాల, సికింద్రాబాద్ భక్త రామదాసు సంగీత కళాశాల ఉన్నాయి. సాయంత్రం రామకోటి వైపు వెళితే ఒక గదిలోంచి సరళీ స్వరాలు, ఇంకో గదిలోంచి మృదంగం వినిపిస్తాయి. అయితే అక్కడికి పిల్లవాడిని తీసుకెళ్లాలంటే ఇంట్లో ఎవరికో ఒకరికి సంగీతం మీద ధ్యాస ఉండాలి, బస్సెక్కించి తీసుకెళ్లే తీరిక ఉండాలి. కూలి పనికి వెళ్లే తల్లికి ఆ తీరిక ఎక్కడుంది? అందుకే సంగీతం బడిలోకే రావాలి. లాయిడ్ వెబర్ చెప్పిందీ ఇదే, ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించేదీ ఇక్కడే.

బడిలోకి రావడానికి మనకు కొత్త చట్టం అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే కళల విద్యకు పార్ట్ టైం బోధకుడు ఉండాలి. వ్యాయామానికి, పని విద్యకు కూడా. కళల విద్య అంటే డ్రాయింగ్ ఒక్కటేనని చట్టంలో ఎక్కడా లేదు. రామకోటిలో డిప్లొమా చేసి, ఉద్యోగం లేక పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాలకు వెళుతున్న కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్లకు వారానికి నాలుగు క్లాసులు అప్పగిస్తే చాలు.

చెల్లోలు కొనమని నేను అడగడం లేదు. చెల్లో ఖరీదైనది, తీగ తెగితే తెప్పించుకోవడమూ కష్టం. అందరూ కలిసి నేర్చుకోవడం మనకు కొత్తా కాదు. చెక్క భజనలో ఎవరినీ పరీక్ష పెట్టి చేర్చుకోలేదు. ఊళ్లో నాటకానికి హార్మోనియం మాస్టారు వచ్చి నెల రోజులుంటే, పద్యం ఎత్తుకోవడం ఊరంతా నేర్చుకునేది. ఒక హార్మోనియం, రెండు కంజీరలు, గొంతున్న పిల్లలు ఉంటే మొదలుపెట్టొచ్చు. బేకర్ చేసిన విమర్శను గుర్తుపెట్టుకుని, పిల్లలకు రెండు వరసలు నేర్పాక మూడోది వాళ్లనే కట్టమనాలి.

మా ఇంటి దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉంది. మూడేళ్ల కిందట మేం కొందరం చందాలు వేసుకుని ఆ బడికి ఒక హార్మోనియం ఇచ్చాం. పోయిన వారం వెళ్లి చూశాను. స్టాఫ్ రూమ్ బీరువా మీద గుడ్డ కప్పి ఉంది. వాయించేవాళ్లు లేక గాలితిత్తి ఎండి పగిలింది. గుడ్డ తీయగానే నలుగురు పిల్లలు నా చుట్టూ చేరారు. ఏడో తరగతి పాప ఒకతి ఒక మెట్టు నొక్కి చూసింది, శబ్దం రాలేదు. "సార్, ఇది ఎప్పుడు నేర్పుతారు?" అని అడిగింది.